గడియారం, డబ్బు, పిచ్చి: పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ యాభై ఏళ్లు దాటినా ఎందుకు పాతబడలేదు

2023 జులై 14 మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచినప్పుడు నెల్లూరు జిల్లాలో చాలా ఊళ్లలో జనం మేడలెక్కి దక్షిణం వైపు చూశారు. 2022లో జిల్లాల విభజనతో శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ తిరుపతి జిల్లాలోకి వెళ్లినా ఆ అలవాటు మాత్రం పోలేదు. అలాంటి రోజుల్లో ‘చంద్రుడి చీకటి వైపు’ అనే మాట వార్తల్లో బాగా తిరుగుతుంది. ఆ మాటను ఇంగ్లీషులో ఇంటర్నెట్‌లో వెతికితే రాకెట్ల కంటే ముందు తరచూ ఎదురయ్యేది ఒక నల్లటి అట్ట. దాని మీద ఒక పట్టకం, దాని గుండా వెళ్లి రంగులుగా విడిపోయే వెలుగు రేఖ. అది ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో తెచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్. నెల్లూరు, ఒంగోలు కాలేజీ హాస్టళ్లలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దీన్ని మొదటిసారి వినే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. తాతల కాలం నాటి ఇంగ్లీషు రాక్ రికార్డు వీళ్లకు ఎలా పట్టింది అన్నదే ప్రశ్న.

క్లుప్తంగా చెప్పాలంటే, ఈ ఆల్బమ్ అంతరిక్షం గురించి చేసింది కాదు. కాలం, ప్రయాణం, చావు, డబ్బు, మనుషుల మధ్య గోడలు, మతి చలించడం అనే మామూలు ఒత్తిళ్లను తీసుకుని, ఎక్కడా తెగకుండా సుమారు 43 నిమిషాల ఒకే ధారగా అల్లారు. విషయాలు అందరివీ కావడం, మాటలు తేలిగ్గా ఉండటం, శబ్దాన్ని కొత్తగా వాడటం, ఈ మూడూ కలిసే దీన్ని నిలబెట్టాయి. ఇప్పుడు పాటల్ని ముక్కలుగా వినే అలవాటు వల్ల దెబ్బ తింటున్నది కూడా ఆ అల్లికే.

చంద్రుడు ఎక్కడి నుంచి వచ్చాడు

ముందు ఖగోళం సంగతి. చంద్రుడు తన చుట్టూ తాను తిరగడానికీ, భూమి చుట్టూ తిరగడానికీ ఒకే సమయం పడుతుంది. అందుకే మనకు ఎప్పుడూ ఒక వైపే కనిపిస్తుంది. కనిపించని అవతలి వైపు చీకటేమీ కాదు. అక్కడ కూడా రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి. 1959లో సోవియట్ నౌక లూనా-3 ఆ వైపును మొదటిసారి ఫొటో తీసింది. చంద్రయాన్-3 దిగింది ఆ వైపు కూడా కాదు, మనకు కనిపించే వైపే దక్షిణ ధ్రువానికి దగ్గరలో.

ఆల్బమ్ పేరులోని చంద్రుడు వేరు. చంద్రుడికీ మతికీ సంబంధం ఉందన్న పాత నమ్మకం నుంచి వచ్చినవాడు అతను. ఈ నమ్మకం తెలుగువారికి కొత్తగా చెప్పాల్సింది కాదు. జ్యోతిషంలో చంద్రుడు మనఃకారకుడు. పురుషసూక్తం చంద్రుణ్ణి మనసు నుంచే పుట్టించింది. అమావాస్యకీ పున్నమికీ పిచ్చి ముదురుతుందని ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఇంగ్లండు నమ్మకం కూడా అచ్చం ఇలాంటిదే.

బృందానికి ఇది ఊహలోంచి తెచ్చుకున్న విషయం కాదు. పింక్ ఫ్లాయిడ్‌ను మొదట నడిపించిన సిడ్ బారెట్, మాదకద్రవ్యాల వాడకం మధ్య మానసికంగా దెబ్బతిని 1968లో బృందానికి దూరమయ్యాడు. మిగిలిన నలుగురు, అంటే రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్, తోటివాడు కళ్లముందే జారిపోవడం చూశారు. ఆల్బమ్‌లోని మాటలన్నీ వాటర్స్ రాసినవే. చివర్లో వచ్చే ‘బ్రెయిన్ డ్యామేజ్’ పాటలో గడ్డి మీద కూర్చున్న పిచ్చివాడు మెల్లగా ఇంటి హాల్లోకి వస్తాడు, ఆఖరికి పాడేవాడి తలలోకే వస్తాడు. ఎగతాళి లేదు, జాలి ఒలకబోయడమూ లేదు. మతి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య గీత ఎంత సన్నదో చూపించి పాట ఆగుతుంది.

నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట దర్గాకు, మతిస్థిమితం తప్పిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చి రోజుల తరబడి ఉండిపోయే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇల్లు బంధువుల్లో ఒకటైనా ఉన్నవారికి ఈ పాటలోని భయం వెంటనే అర్థమవుతుంది. ‘వాడికి అలా అయింది’ అనే మాట వెనుక ‘మనకూ అలా అయితే’ అనే మాట దాగి ఉంటుంది. పాట పట్టుకున్నది ఆ రెండో మాటనే.

తెగని ధార

ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. డ్రమ్ శబ్దాన్ని మార్చి ఆ చప్పుడు పుట్టించారు. ఒక పాట పూర్తిగా ఆగేలోపే రెండోది అందుకుంటుంది. ‘బ్రీత్’ అనే తొలి పాట బాణీ, కొంతసేపటికి ‘టైమ్’ పాట చివర మళ్లీ పలకరిస్తుంది. రికార్డు తిప్పి రెండో వైపు వేయాల్సిన చోట ఒక్కసారే విరామం. మొత్తం నిడివి అటూ ఇటూగా ఎక్స్‌ప్రెస్ రైలు నెల్లూరులో బయల్దేరి కావలి చేరేంత.

కథను, పాటను, మాటను ఒకే తీగ మీద నడిపించడం నెల్లూరు ప్రాంతానికి హరికథ నేర్పిన విద్యే. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి నెల్లూరులో హరికథలు చెప్పినవారు. హరిదాసు పాట ఆపి నాలుగు మాటలు చెప్పి మళ్లీ పాటలోకి వెళ్తే కథ తెగదు, బిగుస్తుంది. ఈ ఆల్బమ్‌లోనూ పాటల మధ్య మనుషుల మాటలు వినిపిస్తాయి. అయితే హరికథకు చివర ఒక ఫలశ్రుతి ఉంటుంది. ఇక్కడ తీర్పు చెప్పేవారు ఎవరూ లేరు.

ఈ బిగువు స్టూడియోలో ఒక్కరోజులో కుదిరింది కాదు. 1972 జనవరి నుంచే ఈ పాటల వరుసను కచేరీల్లో వాయించి, ఎక్కడ సాగుతోందో ఎక్కడ కుంటుతోందో జనం ముందు చూసుకున్నారు. ఆ తర్వాతే లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో 1972 మధ్య నుంచి 1973 ఆరంభం దాకా రికార్డు చేశారు. అదే సమయంలో, 1972 డిసెంబరులో, ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. చంద్రుడి మీద మనిషి ఆఖరిసారి నడిచిన అపోలో-17 యాత్ర కూడా ఆ నెలలోనే జరిగింది.

‘టైమ్’: లైఫ్ ఎప్పుడు మొదలవుతుంది

ఈ పాట గడియారాల మోతతో విరుచుకుపడుతుంది. సౌండ్ ఇంజినీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కో గడియారాన్నీ విడివిడిగా రికార్డు చేసుకొచ్చి, అన్నీ ఒక్కసారే మోగేలా టేపు మీద కూర్చాడు. తర్వాత రెండు నిమిషాలకు పైగా డ్రమ్ములు, టిక్కుటిక్కు, వాద్యాలే తప్ప పాడే గొంతు లేదు. వినేవాడికి కాలం బరువు తెలిసొచ్చాకే మాట మొదలవుతుంది.

మాట చెప్పేది ఇది: చిన్నప్పుడు రోజులు బోలెడున్నాయని ఊరికే గడిపేస్తాం. ఒకరోజు తిరిగి చూస్తే పదేళ్లు వెనకపడి ఉంటాయి. పరుగు మొదలైందని ఎవరూ చెప్పలేదు. వాటర్స్ ఈ పాట రాసే నాటికి ముప్పై ఏళ్లు నిండలేదు. అంతవరకూ జీవితమంటే దేనికో తయారీ అనుకున్నాననీ, అది ఎప్పుడో మొదలైపోయిందని హఠాత్తుగా తట్టిందనీ ఆయన తర్వాత చెప్పారు.

ఇక్కడే ఈ ప్రాంతపు కుర్రాళ్లకు పాట గట్టిగా తగులుతుంది. నిజానికి రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో ఊరికే గడపడానికి టైమ్ ఎక్కడుంది? తెల్లారకముందే లేపుతారు. బెల్లు బెల్లుకీ స్టడీ అవర్, వారం వారం టెస్ట్, ఆ తర్వాత ర్యాంకుల లిస్టు. పాటలోని సోమరి కుర్రాడికీ వీళ్లకూ పోలికే లేదు. అయినా కలిసేచోటు ఒకటుంది. టెన్త్ గట్టెక్కితే చాలంటారు. ఇంటర్ రెండేళ్లు కష్టపడితే చాలంటారు. బీటెక్ అయి జాబ్ వస్తే సెటిల్ అంటారు. జాబ్ రాకపోతే గ్రూప్స్, డీఎస్సీ కోచింగ్. ఎప్పుడూ అసలు లైఫ్ వచ్చే ఏడు నుంచే. ఒకడు ఖాళీగా కూర్చుని పోగొట్టుకున్న ఏళ్లను ఇంకొకడు క్షణం తీరిక లేకుండా పోగొట్టుకుంటాడు. వెనక్కి తిరిగి చూసినప్పుడు ఇద్దరికీ కనిపించేది ఒకటే. ఆల్బమ్ మొత్తంలో వయసుతో పాటు బలం పుంజుకునే పాట ఇదే. పద్దెనిమిదేళ్లప్పుడు గిటార్ కోసం విన్నవారు నలభైలో మాట కోసం వింటారు.

‘మనీ’: ఏడు దెబ్బల లెక్క

రెండో వైపు చిల్లర గలగలతో మొదలవుతుంది. నాణేలు గిన్నెలో వేసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు, దుకాణం గల్లాపెట్టె మోత. వీటిని విడిగా రికార్డు చేసి, టేపును కొలిచి సమానమైన ముక్కలుగా కోసి, అతికించి, చుట్టలా తిప్పారు. అదే పాటకు తాళమైంది. కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో కోసిన లయ అది.

ఆ లయకు ఏడు మాత్రలు. పాశ్చాత్య పాపులర్ పాటల్లో ఎక్కువ భాగం నాలుగు మీద నడుస్తాయి కాబట్టి ‘మనీ’ అక్కడి వాళ్లకు కాస్త తడబడే నడకలా వినిపిస్తుంది. తకిట తకధిమి అని మిశ్రచాపు వేసే చెవికి ఏడు కొత్త కాదు. కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్న పిల్లలు ఈ పాట లెక్కను చప్పున పట్టేస్తారు. గమకం మాత్రం అమెరికా నల్లజాతీయుల సంగీతమైన బ్లూస్‌ది. మధ్యలో గిల్మర్ గిటార్ సోలో దగ్గర లయ నాలుగుకు మారి పరుగు తీస్తుంది, మళ్లీ ఏడుకు వచ్చి పడుతుంది. డబ్బు చేతిలో ఆడుతున్నప్పటి ఊపు, లెక్కలు చూసుకున్నప్పటి తడబాటు, రెండూ ఆ మార్పులో వినిపిస్తాయి.

డబ్బును తిట్టే పాటలు లోకంలో చాలా ఉన్నాయి. ఇందులో మాట్లాడేది డబ్బు రుచి మరిగినవాడు. నాకు కారు కావాలి, విమానం కావాలి, నా వాటా జోలికి మాత్రం రావొద్దు అంటాడు. నీతి చెప్పకుండా ఆశను దాని సొంత గొంతుతోనే మాట్లాడించడం వల్ల పాట ఏ ఊరికైనా సరిపోతుంది. ప్రకాశం జిల్లా పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు కొనేవారు లేక నోబిడ్ అయి తిరిగి ఇంటికి మోసుకెళ్లే రైతుకూ, వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండే నెల్లూరు తీరపు ఆక్వా రైతుకూ, డబ్బు అంటే తన చేతిలో లేని లెక్క. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ నేరుగా చెరువు గట్టు మీదే పడింది. ఎక్కడో కూర్చున్నవాడు తన వాటా తాను పట్టుకుంటే ఇక్కడ లీజు డబ్బులు కూడా రావు. ఆ రైతులు ఈ పాట వింటారని చెప్పడం కాదు. వాళ్ల పిల్లలు వింటారు. గల్లాపెట్టె మోత వాళ్లకు అలంకారంగా మాత్రమే వినిపించదు.

కాపలాదారు చెప్పిన చివరి మాట

ఈ ఆల్బమ్ తయారీలో అన్నింటికంటే తెలివైన పని బహుశా ఇదే. వాటర్స్ కొన్ని కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో కనిపించిన వాళ్లను కూర్చోబెట్టి జవాబులు రికార్డు చేశారు. మొదట తేలికైనవి, పోనుపోను లోతుకు దిగేవి. నువ్వు ఆఖరిసారి ఎవరి మీద చెయ్యి చేసుకున్నావు? అప్పుడు నీది న్యాయమేనా? చావంటే భయమా? కార్డు చదవాలి, జవాబు చెప్పాలి, ఇంకో కార్డు తియ్యాలి. ఆలోచించి మాట తీర్చిదిద్దుకునే వ్యవధి లేదు.

పక్క స్టూడియోల్లో పనిచేసుకుంటున్న, బీటిల్స్‌తో పేరొచ్చిన పాల్ మెకార్ట్‌నీ దంపతుల్ని కూడా అడిగారు. వాళ్ల జవాబులు వాడలేదు. పేరున్న మనిషి జాగ్రత్తగా, ఆకట్టుకునేలా మాట్లాడతాడు. వీళ్లకు కావలసింది అది కాదు. ఎక్కువగా బృందం సామాను మోసే కుర్రాళ్లు, స్టూడియో సిబ్బంది లాంటివాళ్లు చెప్పిన మాటలే నిలిచాయి. న్యాయం నాదే అని గట్టిగా చెప్పేవాడు ఒకడు, తాగి ఉన్నాను గుర్తులేదు అనేవాడు ఇంకొకడు. చావుకు నేనెందుకు భయపడాలి, ఎప్పటికైనా పోవాల్సిందే కదా అన్నవాడు ఆబీ రోడ్ కాపలాదారు జెర్రీ ఓడ్రిస్కల్. ఆల్బమ్ చివర గుండె చప్పుడు మీద వినిపించే మాట కూడా ఆయనదే: చంద్రుడికి చీకటి వైపంటూ ఏదీ లేదు, నిజానికి అంతా చీకటే.

చావు గురించి ఒక తత్వవేత్త మాట పెట్టి ఉంటే ఆల్బమ్ ఆ కాలానికే పరిమితమై ఉండేదేమో. గేటు దగ్గర నిలబడే మనిషి మాట కాబట్టి పాతబడలేదు. ఒంగోలు బస్టాండులో టీ తాగుతూ పెద్దాయన ‘పోయేదేగా నాయనా’ అంటే వినిపించే తేలిక, ఆ ఐరిష్ గొంతులో ఉంది. ఇంగ్లీషు ఉచ్చారణ పట్టుబడకపోయినా ఆ తేలిక పట్టుబడుతుంది.

మాటల్లేని గొంతు, ముప్పై పౌండ్లు

మొదటి వైపు ముగిసేది ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’తో. చావు గురించిన ఈ భాగానికి మాటలు లేవు. రైట్ పియానో మీద క్లేర్ టోరీ అనే స్టూడియో గాయని 1973 జనవరిలో ఒక ఆదివారం వచ్చి పాడింది. మాటలొద్దు, గొంతునే వాయిద్యం అనుకో అన్నారు. ఆమె కేక వేసింది, బతిమాలింది, చివరికి సర్దుకుంది. ఆలాపనలో మాట లేకుండానే భావం పలికించడం తెలిసిన మన శ్రోతకు ఈ పాటకు అనువాదం అక్కర్లేదు. ఇంగ్లీషు రాని ఇంట్లో ఈ ఆల్బమ్‌ను పరిచయం చేయాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. ఆ స్వరాలు అప్పటికప్పుడు తానే అల్లినవి కాబట్టి రచనలో వాటా ఉందని 2004లో కోర్టుకెళ్లింది. 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి పాట రచనలో రైట్ పక్కన ఆమె పేరు కూడా వేస్తున్నారు. అంటే దాదాపు ముప్పై రెండేళ్లు పట్టింది.

పాట ఎవరిది అన్న గొడవ నెల్లూరుకూ తెలిసిందే. 2017 మార్చిలో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడొద్దని బాలసుబ్రహ్మణ్యానికి లీగల్ నోటీసు పంపినప్పుడు తెలుగు, తమిళ శ్రోతలు రెండుగా చీలిపోయారు. అక్కడ వాదన స్వరకర్త వైపు నుంచి వచ్చింది, టోరీ కేసులో గాయని వైపు నుంచి. బాణీ కట్టినవారికి హక్కు ఉంటుందని రెండు చోట్లా చట్టం ఒకటే చెబుతుంది. గాయకుడే బాణీ కడితే ఏమిటి అన్నదానికి టోరీ వ్యవహారం జవాబు. రికార్డింగ్‌లో అప్పటికప్పుడు పలికిన ఆలాపనలు ఉన్న మన పాటలకు ఈ ప్రశ్న ఇంకా వేయాల్సే ఉంది.

ఒక్క వారం నంబర్ వన్, పదిహేనేళ్లు పట్టికలో

ఆల్బమ్ 1973 మార్చి 1న అమెరికాలో విడుదలైంది. అక్కడి ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది ఒకే ఒక్క వారం. బ్రిటన్‌లో ఆ ఏడాది రెండో స్థానం దాటలేదు. కానీ 1988 దాకా బిల్‌బోర్డ్ పట్టికలో మొత్తం 741 వారాలు ఉంది. తర్వాతి రాకపోకలన్నీ కలిపితే 950 వారాలు దాటింది. ప్రపంచవ్యాప్తంగా 4.5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని అంచనా.

ఎగసి పడిపోయే హిట్టుకూ దీనికీ తేడా కొనేవారిలో ఉంది. కొత్త స్టీరియో కొన్నవాడు దాని సత్తా చూడటానికి ఈ రికార్డు వేసేవాడు. శబ్దాలు ఎడమ చెవి నుంచి కుడి చెవికి పరుగెత్తే ‘ఆన్ ద రన్’ అందుకు సరిగ్గా సరిపోయింది. సింథసైజర్‌లో ఎనిమిది స్వరాలను ఎక్కించి వేగం పెంచి చేసిన ముక్క అది. సీడీలు వచ్చాక అదే ఆల్బమ్‌ను మళ్లీ కొన్నారు. ప్రతి తరంలోనూ పద్దెనిమిదేళ్లు నిండేవారు కొత్తగా చేరుతూ వచ్చారు. నెల్లూరు వైపు అప్పట్లో ఇలాంటి సరుకు వచ్చేదంటే హైదరాబాదు కంటే దగ్గరైన మద్రాసు నుంచే. ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఆ దూరం లెక్కలోకి రాదు.

ముక్కలైన వరుస

అందుబాటు పెరిగింది, వినే తీరు మారింది. రీల్స్‌లో ‘టైమ్’ సోలో ముప్పై సెకన్లు వస్తుంది. ఫ్రీ యాప్‌లో పాటకూ పాటకూ మధ్య యాడ్ దూరుతుంది, షఫుల్‌లో వరుస తారుమారవుతుంది. ‘బ్రెయిన్ డ్యామేజ్’ నుంచి ఆఖరి పాట ‘ఎక్లిప్స్’లోకి వెళ్లే ఆ చివరి ఎక్కుడు మధ్యలో సెకను ఆగినా విరిగిపోతుంది.

బృందం దీన్ని ముందే ఊహించింది. ఆల్బమ్‌లోని పాటల్ని అనుమతి లేకుండా విడదీయకూడదన్న షరతు వాళ్ల ఒప్పందంలో ఉంది. అది ఆన్‌లైన్ అమ్మకాలకు కూడా వర్తిస్తుందని 2010 మార్చిలో లండన్ హైకోర్టులో రికార్డు కంపెనీ ఈఎంఐ మీద గెలిచారు. మరుసటి ఏడాదే రెండు పక్షాలూ కొత్త ఒప్పందానికి వచ్చాయి, పాటలు విడిగా దొరకడం కొనసాగింది. ఇక 2024లో బృందం రికార్డింగుల హక్కులను సోనీ కొనేసింది. ధర సుమారు 40 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అంత పెట్టుబడి పెట్టిన కంపెనీ దాన్ని రాబట్టుకోవడానికి సినిమాలకూ, ప్రకటనలకూ, ప్రత్యేక ఎడిషన్లకూ ఈ పాటల్ని ఇంకా ఎక్కువగా ఇస్తుందని అనుకోవచ్చు. దానివల్ల కొత్త చెవులకు ఈ ఆల్బమ్ ముక్కల రూపంలోనే ముందు చేరుతుంది.

మొత్తంగా వినాలనుకునేవారు యాప్‌లో షఫుల్ తీసేసి, పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే ఆపేయాలి, ఎందుకంటే అతుకులన్నీ ఆల్బమ్‌లోనే వేసి ఉన్నాయి. ఫోన్ స్పీకర్‌లో ‘ఆన్ ద రన్’ సగం కూడా వినిపించదు, వంద రూపాయల వైర్ ఇయర్‌ఫోన్ అయినా దానికి మేలు. మొదటి నిమిషంలో ఏమీ వినిపించట్లేదని వాల్యూమ్ పెంచకూడదు. గుండె చప్పుడు మెల్లగా పైకి వస్తుంది, కాసేపటికి గడియారాలు ఒక్కసారిగా మోగుతాయి.